మొనవైపు సగం

మా అత్తయ్య ఏం పని చేస్తారని ఎవరైనా అడిగితే ముందుగా మామయ్య దగ్గేవారు. ఆ తర్వాత ఆస్పత్రిలో మందులు తయారుచేస్తుందని చెప్పి, ఊపిరి తీసుకోకుండా బస్సుల గురించో పక్కింటి పంపు గురించో మాట మార్చేసేవారు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే ఆవిడ చేసేది మింగే మందు కాదు, ఒంటికి రాసుకునే మందూ కాదు. కింద నుంచి లోపలికి పెట్టే మందు. ఆస్పత్రిలో దాన్ని సపోజిటరీ అంటాం. మింగలేని పసివాళ్ళకు, తాగింది తాగినట్టు కక్కేసేవాళ్ళకు, సూది వెయ్యడానికి నరం దొరకనివాళ్ళకు అదే దిక్కు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో చుట్టాలావిడ ఒకరు భోజనాల బల్ల దగ్గర ఇదే ప్రశ్న వేసింది. మామయ్య దగ్గు అందుకునేలోపే అత్తయ్య ఉన్నదున్నట్టు చెప్పేశారు, ఎంత పొడుగుంటుందో చిటికెన వేలు చూపించి మరీ. ఆ చుట్టాలావిడ ఆ పూట సరిగా తినలేదు.

నేను అదే ఆస్పత్రిలో పిల్లల వార్డులో నర్సుని. మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ అని మా ఆయన అంటుంటాడు. అది పొద్దున పూట మాత్రమే నిజం. ఆవిడది ముక్కుసూటితనం, నాది నోటి దురుసు. ఎవరి పనిలో ఎవరం వేలు పెట్టకూడదని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. వార్డులో మేం మందు ఎలా వాడుతున్నామో ఆవిడ అడగరు, గదిలో ఆవిడ ఎలా చేస్తున్నారో నేను అడగను. ఇంట్లో గొడవలు తగ్గాయని అందరూ సంతోషించారు. ఆ ఒప్పందం ఒక పసిబిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది.

ఆవిడ పనిచేసే గది కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే గదికి ఆనుకుని ఉండేది. ఒక రాతి బల్ల, తూకం, కల్వం, నీళ్ళగిన్నె, ఇనప అచ్చులు, ఒక చిన్న ఫ్రిజ్. తెల్లటి కొవ్వు దిమ్మను తురిమి, వేడి నీళ్ళ గిన్నెలో గాజుపాత్ర పెట్టి కరిగించేవారు. మందు పొడిని మెత్తగా నూరి, జల్లెడ పట్టి, ముందు కొంచెం కొవ్వులో మెదిపి, ఆ తర్వాత మొత్తంలో కలిపేవారు. కొవ్వును ఊరికే ఎంచుకోలేదు. బయట గట్టిగా ఉండాలి, ఒంట్లోకి వెళ్ళాక ఒంటి వేడికే కరగాలి. మందు కనిపెట్టడం ఎవరో చదువుకున్నవాళ్ళ గొప్ప అనీ, అది చేరాల్సిన చోట చేరి కరగాల్సినప్పుడు కరిగేలా చెయ్యడం మాత్రం తన చేతి పని అనీ ఆవిడ గర్వంగా చెప్పుకునేవారు.

ఫిట్స్ ఆపే మందు పొడితో ఒక చిక్కుంది. అది కొవ్వులో కరగదు, కలిసి ఉంటుందంతే. బాగా వేడిగా, పలచగా ఉన్నప్పుడు పోస్తే గడ్డకట్టేలోపు పొడి అంతా అడుక్కి దిగిపోతుంది. అచ్చులో మొన కిందికి ఉంటుంది కనుక మందంతా మొనలో చేరుతుంది, వెనకవైపు ఉత్త కొవ్వు మిగులుతుంది. మరీ చల్లారాక పోస్తే అచ్చు నిండదు. మధ్యలో, కొవ్వు మీగడలా చిక్కబడే ఒక నిమిషం ఉంటుంది. అప్పుడు పోయాలి. ఆ నిమిషం తెలుసుకోవడానికి గోడకు థర్మామీటరు వేలాడుతూ ఉండేది. అత్తయ్య దాని జోలికి పోయేవారు కాదు. గాజుపాత్రను ఎడమ చేతి మణికట్టుకు ఆనించేవారు. వేడిగానూ చల్లగానూ అనిపించకపోతే అదే వేళ. ఒంటి వేడికి కరగాల్సిన మందుకు ఒళ్ళే కొలత అని ఆవిడ వాదన. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ కొలత తప్పలేదు.

తప్పిన రోజున ఆవిడకు జ్వరం. పొద్దున లేచేసరికే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సెలవు పెట్టమంటే వినలేదు. వార్డులో ఫిట్స్ మందు అయిపోయిందని, ఎవరి బిడ్డకో అవసరం పడితే ఏం చేస్తారని నా మీదే కేకలేశారు. సరే మీ ఇష్టం అని నేనూ నా దారిన పోయాను. చెయ్యి పట్టుకుని చూసి ఉంటే కాలిపోతున్నదని తెలిసేది. చూడలేదు. ఆ రోజు మందు పోసి, రేకు కాగితంలో చుట్టి, డబ్బా వార్డుకు పంపి, సాయంత్రానికి మంచమెక్కారు.

మర్నాడు నాది పొద్దుటి డ్యూటీ. ఏడు గంటలకు మూడేళ్ళ పాపను తెచ్చారు. తల్లి దర్జీ. కొలత టేపు మెడలోనే మరిచిపోయి వచ్చింది. పాప ఒళ్ళంతా కొట్టుకుంటోంది. చేతి నరాలు ఒక్కటీ దొరకలేదు, నోట్లో చెంచాడు నీళ్ళు పోసినా నిలవడం లేదు. డాక్టరు ఫిట్స్ మందు సగం పెట్టమన్నారు. పసివాళ్ళ సైజు అచ్చు విరిగి ఏడాదైంది. ఆస్పత్రి కొత్తది కొనలేదు. అందుకే ఉన్న పెద్ద మందునే సగానికి కోసి వాడేవాళ్ళం. డబ్బా మీద కూడా 'పసిపిల్లలకు సగం' అనే రాసి ఉండేది. నేను బ్లేడు తీసుకుని అడ్డంగా కోశాను. రెండు ముక్కల్లో మొనవైపుది సులువుగా వెళుతుంది, వెనకవైపుది మొండిగా ఉండి కష్టపెడుతుంది. నాకు చేయి తిరిగింది కనుక మొండి సగం నేను వాడి, మొనవైపు సగాన్ని తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఫ్రిజ్‌లో ఉంచడం నా అలవాటు. అది నా మంచితనం అనుకునేదాన్ని.

ఫిట్స్ కాస్త తగ్గి మళ్ళీ మొదలయ్యాయి. పదకొండింటికి డాక్టరు ఇంకో సగం పెట్టమన్నారు. నేను మరొకటి కోసి మళ్ళీ మొండి సగమే పెట్టాను. ఈసారీ గుణం కనిపించలేదు. డాక్టరు తల పట్టుకున్నారు. ఇక లాభం లేదు, రెండు గంటలకు మిగిలిన రెండు సగాలూ కలిపి పెట్టెయ్యండి, నేను దగ్గరే ఉంటాను అని కాగితం మీద రాశారు. ఒంటిగంటకు నా డ్యూటీ అయిపోయింది. నా తర్వాత వచ్చిన నర్సుకు అన్నీ అప్పజెప్పి, రెండు సగాలూ ఏ అరలో ఉన్నాయో చూపించి మరీ ఇంటికి వచ్చాను.

భోజనం దగ్గర నా నోరు ఊరుకోలేదు. అత్తయ్య దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుని గంజి తాగుతున్నారు. మీ మందు పనిచెయ్యడం లేదు, పొద్దుట్నుంచి రెండుసార్లు పెట్టినా పాపకు ఫిట్స్ ఆగలేదు అన్నాను. ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చెంచా కింద పెట్టి నావైపు తిరిగారు.

"ఎలా కోస్తున్నారు?"

"బ్లేడుతో."

"అది కాదమ్మాయ్. అడ్డంగానా, నిలువుగానా?"

"అడ్డంగానే. నిలువుగా కోస్తే విరిగిపోతుంది కదా అత్తయ్యా."

నిలువుగా కొయ్యాలట. బ్లేడు కాస్త వేడిచేసి, మొన నుంచి చివరిదాకా నిలువుగా. అప్పుడు మందు ఎటు చేరినా రెండు సగాల్లోనూ సమానంగా ఉంటుంది. పాత నర్సులందరికీ ఆవిడే దగ్గరుండి చూపించారట. వాళ్ళంతా రిటైరైపోయారు. మాకు ఎవరూ చెప్పలేదు, డబ్బా మీదా రాయలేదు, ఇంట్లో ఒకే బల్ల మీద తినే నేను అడగలేదు. అయినా సరిగ్గా కలిసిన మందైతే అడ్డంగా కోసినా పెద్ద తేడా ఉండదని ఆవిడే అన్నారు. అలా అంటూనే ఆగిపోయారు. నా చెయ్యి తీసుకుని తన నుదుటి మీద పెట్టుకున్నారు.

"నిన్న పొద్దున కూడా ఇంతే ఉండుంటుందా?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ఒళ్ళు కాలిపోతున్న మనిషి మణికట్టుకు వేడి కొవ్వు కూడా గోరువెచ్చగానే తగులుతుంది. నిన్న కళ్ళు నీళ్ళు కారుతుండటంతో చిక్కబడిందో లేదో చూపుకూ ఆనలేదట. మణికట్టును నమ్మి పోసేశారు. అంటే మందంతా మొనల్లోకి దిగిపోయింది. పొద్దుట్నుంచి నేను పాపకు పెట్టింది ఉత్త కొవ్వు. ఫ్రిజ్‌లో ఉన్న రెండు సగాల్లో దాదాపు రెండు పూర్తి మందులున్నాయి. సగం పట్టాల్సిన పిల్లకు అవి రెండూ ఒక్కసారే పెడితే ఫిట్స్ ఆగుతాయి. ఊపిరి కూడా ఆగుతుంది.

గడియారం ఒకటీ నలభై రెండు చూపిస్తోంది. వార్డుకు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. డ్యూటీలో మా సొంత ఫోన్లు అల్మరాలో పెట్టి తాళం వెయ్యాలి. ఆ రూలు పెట్టినవాళ్ళను ఆ క్షణంలో తిట్టని తిట్టు లేదు. మామయ్య చేతిలో ఫోన్ పెట్టి, ఎవరు ఎత్తినా ఆ మందు పెట్టొద్దని చెప్పమని, నేను చెప్పుల్లో కాళ్ళు దూర్చాను. వెనక్కి చూస్తే అత్తయ్య అప్పటికే గుమ్మం దాటారు.

ఇంటి నుంచి ఆస్పత్రికి నడిస్తే పాతిక నిమిషాలు. పరుగెత్తితే ఎంతో ఎప్పుడూ చూడలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఒంట్లో జ్వరం, నా కంటే నాలుగడుగులు ముందే ఉన్నారు. రంపపు మిల్లు దాటాం, బడి గోడ దాటాం. బస్సు ఒకటి మమ్మల్ని దాటి వెళ్ళింది, చెయ్యి ఊపినా ఆపలేదు. మనసులో ఒకటే మాట తిరుగుతోంది, ఆ నర్సు ఎప్పుడూ ఆలస్యంగానే ఇస్తుంది కదా, ఇవాళ కూడా ఆలస్యం చెయ్యాలి అని. రోజూ ఆ ఆలస్యానికే నేను ఆమెతో పోట్లాడతాను. ఆస్పత్రి వెనక గేటుకు తాళం వేసి ఉంది. చుట్టూ తిరిగి ముందు గేటుకు వెళ్ళేసరికి అత్తయ్య ఊపిరి ఈలలా వినిపిస్తోంది.

ఈలోగా మామయ్యకు ఆస్పత్రి లైను దొరికిందట. ఏ మందు ఆపాలండీ అని అవతల అడిగితే, ఆయన ముప్పై ఏళ్ళుగా పలకని మాట పలకలేక, "అదే, మా ఆవిడ చేసేది" అన్నారట. ఎవరో వంటావిడ సంగతి అనుకుని వాళ్ళు లైను వంటగదికి కలిపారు. తర్వాత తలుచుకుని చాలాసార్లు నవ్వాం. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

మేం వార్డులోకి వెళ్ళేసరికి రెండూ నాలుగు. డాక్టరు పాప మంచం పక్కనే నిలబడి ఉన్నారు. నర్సు చేతి తొడుగు తీసేస్తోంది. ఆలస్యం చెయ్యలేదు. ఇప్పుడే రెండూ పెట్టేశానని నాతో చెప్పింది, వేళకు పెట్టినందుకు మెచ్చుకుంటాననుకుంది పాపం.

అత్తయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. తొడుగు వేసుకుని పాపను పక్కకు తిప్పారు. మింగిన మందైతే ఇక మన చేతిలో ఏమీ ఉండదు, ఇది కొవ్వు, కరగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అది మాకందరికీ తెలుసు, కానీ గుర్తొచ్చింది ఆవిడకే. ఒక ముక్క దాదాపు అలాగే బయటికి వచ్చింది. రెండోది వేళ్ళ మధ్య జారిపోయింది. వచ్చినంత తీసి, లోపల కడగడానికి చల్లటి నీళ్ళు కావాలన్నారు. నర్సు గోరువెచ్చటివి తెచ్చింది. వేడి తగిలితే మిగిలింది కూడా కరిగి ఒంట్లో కలిసిపోతుందని, చల్లటివే తెమ్మని మొదటిసారి గొంతు పెంచారు. ఆవిడ కడుగుతుంటే నేను డాక్టరుకు జరిగింది చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు. ఆయన వెంటనే ఆక్సిజన్, గాలి పంపే సంచి తెప్పించి తలవైపు నిలబడ్డారు.

ఎంత లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు. ఇక చెయ్యగలిగింది ఊపిరి లెక్కపెట్టడమే. అత్తయ్య మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పాప పొట్ట మీద అరచెయ్యి ఆనించారు. నేను గడియారం చూస్తూ నిమిషం అయిందని చెబుతున్నాను, ఆవిడ అంకె చెబుతున్నారు. ఇరవై ఆరు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఫిట్స్ ఆగిపోయాయి. పాప చేతులు మెత్తగా వాలిపోయాయి. తల్లి అది చూసి నిద్రపట్టిందని సంతోషపడింది. ఆ సంతోషం చూడలేక నేను తల తిప్పుకున్నాను. ఇరవై. పద్దెనిమిది. పదిహేను. పన్నెండు దగ్గర డాక్టరు సంచి నొక్కడం మొదలుపెట్టారు. తల్లికి అప్పుడు అర్థమైంది. మెడలోని టేపును రెండు చేతులా పట్టుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడిపోయింది.

మూడైంది, మూడున్నర అయింది. నాకు చదువు నేర్పినవాళ్ళు భయపడకూడదని నేర్పారు. ఆ పాఠం ఆ పూట పనికిరాలేదు. పక్క మంచాల తల్లులందరూ మావైపే చూస్తున్నారు. సంచి నొక్కుతున్న డాక్టరు అలిసిపోతే నర్సు, నర్సు అలిసిపోతే నేను. అత్తయ్య మాత్రం అరచెయ్యి తియ్యలేదు. తను చేసిన మందు వేసుకున్న మనిషిని ముప్పై ఏళ్ళలో ఆవిడ దగ్గర్నుంచి చూడటం అదే మొదటిసారి అని నాకు అప్పుడు తట్టింది. నాలుగు దాటాక ఒకసారి సంచి ఆపి చూశాం. పద్నాలుగు. పద్నాలుగు. పదహారు. ఐదున్నరకు ఇరవై రెండు. పాప కళ్ళు సగం తెరిచి, నోటి మీది ఆక్సిజన్ గొట్టాన్ని పీకెయ్యబోయి, ఎవరిమీదో తెలియని కోపంతో ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు విని డాక్టరు కుర్చీలో కూలబడ్డారు.

అత్తయ్య లేచి నిలబడలేకపోయారు. నేను పట్టుకుని లేపబోతే చెయ్యి విడిపించుకుని తల్లివైపు తిరిగారు.

"ఆ మందు నేనే చేశానమ్మా. జ్వరంతో చేశాను. తప్పు నాది."

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను నోరు మెదపలేదు. కోసింది నేను, ఉత్త కొవ్వు పెట్టి మందంతా ఉన్న సగాలు దాచిందీ నేను. అత్తయ్య మొత్తం తన నెత్తిన వేసుకుంటుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. అంత పిరికిదాన్నని నాకు అప్పటిదాకా తెలియదు. చాలాసేపటికి మాట పెగిలింది. కోసింది నేనండీ అన్నాను. దర్జీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వెళ్ళి బిడ్డ పక్కన పడుకుంది.

రెండు రోజులు పాప స్థిమితంగా ఉంది. అత్తయ్య, నేను జరిగిందంతా రాసి పెద్ద డాక్టరుకు ఇచ్చాం. ఆ డబ్బాలో మందంతా పారబోశారు. మూడో రోజు పొద్దున పాప కాళ్ళు మళ్ళీ కొట్టుకోవడం మొదలైంది. నరం ఇంకా దొరకలేదు, వాంతులు తగ్గలేదు. అదే మందు, అదే దారి, తప్పదు. ఫార్మసీలో పనిచేసే ఇంకొకాయనను కొత్తగా చెయ్యమని పెద్ద డాక్టరు చెప్పారు. అత్తయ్యకు జ్వరం తగ్గింది, వచ్చారు, కానీ ఇక తన చేత్తో మందు పొయ్యనని చెప్పి మూలనున్న స్టూలు మీద కూర్చున్నారు.

గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డట్టు అనిపించి చూస్తే దర్జీ. పాపను నర్సుకు అప్పగించి కిందికి దిగి వచ్చింది. మందు ఎవరు చేస్తారని అడిగింది. ఆయన తూకం తుడుస్తూ, ఇదేమంత పని కాదు, ఏం భయం లేదమ్మా, అరగంటలో పంపిస్తా అన్నారు. ఆవిడ ఆయనను కాసేపు చూసింది. తర్వాత లోపలికి వచ్చి అత్తయ్య ముందు నిలబడింది.

"భయం లేనివాళ్ళు నాకొద్దు. మొన్న మీరు నా బిడ్డ ఊపిరి లెక్కపెడుతుంటే నేను మీ మొహం చూశాను. మీరే చెయ్యండి. నేను ఇక్కడే నిలబడి చూస్తాను."

"నావల్ల కాదమ్మా," అన్నారు అత్తయ్య. "నాకు చాలా భయంగా ఉంది."

"నాకు మాత్రం లేదా? లేవండి."

ఇంకొకాయన పక్కకు జరిగారు. అత్తయ్య లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.